కాగితం ముందా, కలిసిపోవడం ముందా?

కంచరపాలెం వైపు వెళ్ళే ఆటోల్లో ‘బర్మా క్యాంప్’ అనే మాట రోజూ వినిపిస్తుంది. ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ అది ఒక స్టాపు, అంతే. విశాఖపట్నం నడిబొడ్డున బర్మా ఏమిటి, క్యాంపు ఏమిటి అని ఇప్పుడు ఎవరూ అడగరు. అక్కడ కాపురముంటున్న కుటుంబాన్ని చూసి ‘వీళ్ళు ఎక్కడివాళ్ళు’ అని ఆరా తీసేవాళ్ళూ లేరు. బర్మా (ఇప్పటి మయన్మార్) నుంచి వచ్చినవాళ్ళు ఊళ్ళో కలిసిపోయారనడానికి ఇంతకన్నా గుర్తు ఏం కావాలి? పేరు మాత్రం మిగిలింది, ఆ పేరు వెనకున్న తేడా చెరిగిపోయింది.

ఇవాళ వలసల మీద ప్రపంచమంతా జరుగుతున్న గొడవ చాలావరకు ఒక్క షరతు చుట్టూ తిరుగుతోంది. వచ్చినవాళ్ళు ముందు మా భాష నేర్వాలి, మా పద్ధతులు పాటించాలి, మాలా మారాలి. ఆ తర్వాతే మాలో ఒకరు అవుతారు అని. అమెరికాలో, జర్మనీలో, డెన్మార్క్‌లో ఎన్నికల సభల్లో ఇదే మాట. మన దగ్గర దీన్నే ‘నాన్‌లోకల్’ అనే ఒక్క ముక్కలో తేల్చేస్తాం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ విశాఖ తీరం చరిత్రలో ఈ వరస తలకిందులుగా కనిపిస్తుంది. ఇక్కడివాళ్ళు పోయిన చోటైనా, బయటివాళ్ళు ఇక్కడికి వచ్చినప్పుడైనా, ‘నిన్ను పొమ్మనరు’ అనే భరోసా ముందు దొరికితేనే మనుషులు కలిశారు. అది దొరకని చోట తరాలు గడిచినా బయటివాళ్ళుగానే ఉండిపోయారు, లేదంటే మూటాముల్లే సర్దుకుని తిరిగొచ్చారు.

రంగం వెళ్ళినవాళ్ళు

ఉత్తరాంధ్ర పెద్దల నోట రంగూన్ పేరు ‘రంగం’. ఫలానావాడు రంగం ఎల్లిపోయాడు అంటే, అప్పు తీర్చడానికో కరవు తప్పించుకోవడానికో ఓడెక్కాడని అర్థం. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల మనుషులు అలా వేలకు వేలు వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళందరికీ ‘కోరంగీలు’ అని పేరు పడింది. పుట్టి బుద్ధెరిగి కోరంగి ముఖం చూడని విశాఖవాడు కూడా అక్కడ కోరంగీయే. రేవులో బస్తాలు మొయ్యడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం, వీధులు ఊడవడం వాళ్ళ వంతు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. సొంత దేశపు ముఖ్య పట్టణంలో బర్మావాళ్ళు మైనారిటీ అయ్యారు. వాళ్ళ కోపానికి ఆధారం లేదనడం కుదరదు.

వీళ్ళను తీసుకెళ్ళింది మేస్త్రీలు. ఊళ్ళో అడ్వాన్సు చేతిలో పెట్టి, ఓడ టికెట్టు కొని, ఆ డబ్బు అక్కడి కూలిలోంచి కోసుకునేవారు. అప్పులో ఉన్నవాడు బేరమాడలేడు. తక్కువ కూలికి ఒప్పుకుంటాడు. దాంతో స్థానికుడికి పని పోతుంది. రుషికొండ దగ్గర అపార్ట్‌మెంట్లు కట్టడానికి ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి పనివాళ్ళను దింపే లేబర్ కాంట్రాక్టర్ల పద్ధతి ఇప్పటికీ ఇంచుమించు ఇదే. పేరు కూడా మారలేదు, మేస్త్రీయే.

1930 మే నెలలో రంగూన్ రేవులో జరిగింది చూడండి. తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడ సరుకు దించే కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను దించాయి. సమ్మె తేలిపోగానే తెలుగువాళ్ళను మళ్ళీ పిలిచి, బర్మావాళ్ళను ఇక పొమ్మన్నాయి. అక్కడ మొదలైన ఘర్షణ ఊరంతా అల్లర్లయింది. చచ్చిపోయినవాళ్ళలో ఎక్కువమంది భారతీయులు, అందులోనూ తెలుగు రేవు కూలీలు. ఇద్దరికీ కూలి నిర్ణయించిన కంపెనీలకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. వలస మీద కోపం పుట్టినప్పుడు అది ఎవరి మీద దిగుతుందో తెలుసుకోవడానికి ఈ ఒక్క నెల చాలు.

మరి కోరంగీలు అక్కడ కలిసిపోవడానికి ప్రయత్నించారా? చాలామంది ప్రయత్నించలేదు, నిజమే. రెండు మూడేళ్ళు సంపాదించుకుని ఊరికి రావాలన్నదే లెక్క. మగవాళ్ళే ఎక్కువగా వెళ్ళారు. కొన్ని కుటుంబాలు మాత్రం పాతుకుపోయాయి. పిల్లలు బర్మా బడిలో చదివారు, పైకి బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు పెట్టుకున్నారు. ఇలాంటివాళ్ళకు ఏమైందన్నదే అసలు విషయం.

గీత జరిగింది, మనుషులు కాదు

కోరంగీలు మొదట్లో పరాయి దేశానికి వెళ్ళలేదు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రాంతం. విశాఖ నుంచి రంగూన్ వెళ్ళడం, చట్టం దృష్టిలో, విశాఖ నుంచి మద్రాసు వెళ్ళడం లాంటిదే. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. ముందురోజు రాత్రి సొంత దేశంలో పడుకున్న కూలీ తెల్లారేసరికి పరాయివాడయ్యాడు. అతను ఒక్క అడుగు కూడా కదల్లేదు.

దానికి సరిగ్గా ఏడాది ముందు, 1936 ఏప్రిల్ 1న, ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. అప్పటిదాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న జయపురం, కోరాపుట్ ఏజెన్సీ ప్రాంతం అటు పోయింది. గంజాం జిల్లా బరంపురంతో సహా చీలింది. బరంపురం తెలుగువాళ్ళు, ఇచ్ఛాపురం ఒడియావాళ్ళు ఒక్కసారిగా ‘అల్పసంఖ్యాక భాషీయులు’ అయ్యారు. రెండు వరస ఏప్రిల్ ఒకటో తేదీల్లో ఈ తీరానికి రెండు వైపులా సరిహద్దులు జరిగాయి. ‘ఈ గడ్డ మాది’ అని చెప్పుకునేటప్పుడు గడ్డ ఎక్కడిదాకా అన్నది ఏ గెజిట్‌లో ఏ తారీఖున రాశారో చూసుకోవడం మంచిది.

తర్వాతి కథ తొందరగా సాగింది. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి రాగానే లక్షల మంది భారతీయులు ఆరకాన్ దారిలో, మణిపూర్ కొండల మీదుగా కాలినడకన బయల్దేరారు. వేలమంది దారిలోనే పోయారు. యుద్ధం తర్వాత కొందరు మళ్ళీ వెళ్ళారు. 1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చాక పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే వీలు దొరికింది. చాలామంది పెట్టుకోలేదు, పెట్టుకున్న కొందరి దరఖాస్తులు ఏళ్ళ తరబడి తేలలేదు. 1962లో సైన్యం గద్దెనెక్కింది. 1964లో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసింది. మూడు లక్షల దాకా భారతీయులు ఆ దశకంలో దేశం వదిలారు. నగదు, నగలు తీసుకెళ్ళడం మీద కూడా ఆంక్షలే. మిగిలినవాళ్ళకు 1982 చట్టం మరో గోడ కట్టింది: 1823కి ముందు నుంచీ అక్కడున్న జాతులవాళ్ళకే పూర్తి పౌరసత్వం జన్మతః దక్కుతుందట. బ్రిటిష్‌వాళ్ళు బర్మాతో మొదటి యుద్ధానికి దిగడానికి ముందు సంవత్సరమది. నాలుగు తరాలుగా బర్మీ మాట్లాడుతున్న కుటుంబానికి కూడా ముత్తాత తాత ఎప్పుడొచ్చాడన్నదే ప్రశ్న. భాష నేర్చుకోవడం అక్కడ ఎందుకూ కొరగాలేదు.

ఓడల్లో మద్రాసుకూ విశాఖకూ దిగినవాళ్ళలో బర్మాలోనే పుట్టినవాళ్ళు బోలెడుమంది. కొందరికి తెలుగు కన్నా బర్మీయే బాగా వచ్చు. బర్మాలో వాళ్ళను ‘కలా’ అని పిలిచేవారు, పరాయి నల్లవాడనే ఎత్తిపొడుపుతో. ఇక్కడ దిగాక ‘బర్మావాళ్ళు’ అయ్యారు. రెండు చోట్లా పేరు పెట్టింది అవతలివాళ్ళే. అయినా ఇక్కడ ఒక తేడా ఉంది. వచ్చిన రోజు నుంచే వాళ్ళు భారత పౌరులు. పునరావాస రుణాలు, ఇళ్ళు, రేషన్ కార్డు, ఓటు దక్కాయి. ‘ముందు మీ తెలుగు సరిచేసుకోండి, ఆ తర్వాత ఓటు ఇస్తాం’ అని ఎవరూ అనలేదు. తెలుగు దానంతటదే సరయింది. ఆ కుటుంబాల పిల్లలకు ఇప్పుడు బర్మా అంటే తాతల కాలం కబుర్లు.

పోలికకు మారిషస్‌ను తీసుకోవచ్చు. అక్కడికీ ఇదే తీరం నుంచి చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. 1968లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు వాళ్ళు అక్కడి పౌరులుగానే మిగిలారు. తెలుగు ఇళ్ళలో కూడా రోజువారీ మాట క్రియోల్ అయిపోయింది. కానీ ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం, సింహాద్రి అప్పన్నకు పూజలు ఆగలేదు. భాష వదిలేసి దేవుణ్ణి ఉంచుకున్నారు. వదిలెయ్యమని ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు, అయినా వదిలేశారు. ఏది మార్చుకోవాలో ఏది అట్టిపెట్టుకోవాలో మనిషే తేల్చుకుంటాడు, కాళ్ళ కింద నేల కదలదని తెలిస్తే.

ఆ అప్పన్న సన్నిధికే వస్తే, సింహాచలం గోడల మీద తెలుగు శాసనాలూ ఒడియా శాసనాలూ కలిసే ఉన్నాయి. ఇప్పటికీ ఒడిశా నుంచి వచ్చే భక్తులకు లెక్కలేదు. ఇటువైపు రేవు దగ్గర మూడు కొండల మీద వేంకటేశ్వరుడి గుడి, దర్గా, చర్చి పక్కపక్కనే. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు. విశాఖ ఎప్పుడూ ‘ఒక్కరి’ ఊరు కాదని చెప్పడానికి ఇవన్నీ ప్రతి టూరిస్టు కరపత్రంలోనూ ఉండే విషయాలే. కరపత్రాల్లో ఉండనివి వేరే ఉన్నాయి.

లోపలివాడు బయటివాడైన కథ

ఈ నగరాన్ని పెంచిందే వలస. 1933లో రేవు తెరిచారు. తర్వాత బొంబాయి సింధియా కంపెనీ ఓడల కార్ఖానా పెట్టింది. ఆ కంపెనీ పేరు ఇప్పటికీ ఒక జంక్షన్‌కు ఉంది. 1948లో అక్కడ తయారైన ‘జల ఉష’ను నెహ్రూ జలప్రవేశం చేయించారు. చమురు శుద్ధి కర్మాగారం, భారీ యంత్రసామగ్రి చేసే బీహెచ్‌పీవీ, తూర్పు నౌకాదళం, ఒక్కొక్కటీ ఒక్కో దిక్కు నుంచి మనుషుల్ని తెచ్చాయి. కలకత్తా రైలు మార్గం వల్ల బెంగాలీలు, రేవు వల్ల మలయాళీలు, వ్యాపారం వల్ల మార్వాడీలు వచ్చారు. పిల్లలు ఇంట్లో ఒక భాష, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగారు. నేవీ కుటుంబం మూడేళ్ళుండి బదిలీ మీద పోతుంది, తెలుగు రాకపోయినా ఎవరూ తప్పు పట్టరు. అదే బిహార్ తాపీ పనివాడికి రాకపోతే ‘ఈళ్ళకి మన బాస రాదు’ అంటారు. కలిసిపోవాలన్న షరతు జేబును బట్టి కూడా మారుతుందన్నమాట.

ఉక్కు కర్మాగారం దగ్గర ఈ లెక్క మరీ చిత్రమైంది. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. దేశం నలుమూలల ఇంజనీర్లు వచ్చి ఉక్కునగరంలో క్వార్టర్లలో స్థిరపడ్డారు. ఆ నేల మీద అంతకుముందు పదుల కొద్దీ పల్లెలు ఉండేవి. ఖాళీ చేసినవాళ్ళకు చేతికిచ్చింది ‘ఆర్ కార్డు’. ఇల్లూ పొలమూ ఇచ్చినందుకు ఉద్యోగం ఇస్తామన్న హామీ కాగితం. ఉద్యోగాలు అందరికీ రాలేదు. కార్డు పట్టుకుని తిరిగినవాళ్ళ పిల్లలు ఇప్పటికీ నిర్వాసితులు అనే పేరుతోనే ధర్నాలు చేస్తున్నారు. తరతరాలుగా అక్కడే ఉన్నవాడు అర్జీదారు అయ్యాడు, నిన్న వచ్చినవాడికి ఐడీ కార్డు వచ్చింది. ఇందులో వచ్చినవాడి తప్పు కూడా ఏమీ లేదు.

పౌరసత్వ కాగితం ఉంటే చాలా? చాలదు. ఈ వాదనకు అడ్డం వచ్చే ఉదాహరణ కూడా ఇదే ఊళ్ళో ఉంది. రెల్లి కులస్థుల ఇంటి మాట ఒడియాకు దగ్గరగా ఉంటుంది. వాళ్ళు ఇక్కడ తరాలుగా ఉన్నారు, తెలుగు అందరిలాగే మాట్లాడతారు. ఓటుంది, ఎస్సీ జాబితాలో పేరుంది. అయినా ఊరు శుభ్రం చేసే పని దగ్గరే చాలా కుటుంబాలను కులం కట్టిపడేసింది. విదేశీ పండితులు వలసల గురించి రాసేటప్పుడు భాష, మతం, రంగు అని లెక్కేస్తారు. మన దగ్గర ఆ లెక్కలో కులం వెయ్యకపోతే ఏదీ తేలదు. పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి యాభై ఏళ్ళుగా విశాఖలో ఉన్న మార్వాడీ ఇల్లూ, పక్కింటి తెలుగు ఇల్లూ కూడా తమ తమ కులం దాటవు. అలాంటప్పుడు ‘వాళ్ళు మనలో కలవడం లేదు’ అనే ఫిర్యాదులో ‘మనం’ అంటే ఎవరు?

అసలు కలిసిపోవడం వద్దనుకునేవాళ్ళూ ఉంటారు. చలికాలంలో స్వెటర్లు అమ్మడానికి వచ్చే టిబెటన్లలో చాలామంది భారతదేశంలోనే పుట్టారు. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 లోపు ఈ దేశంలో పుట్టినవారు పుట్టుకతోనే పౌరులని మన చట్టం అంటుంది. టిబెటన్లకూ అది వర్తిస్తుందని 2010లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అయినా చాలామంది శరణార్థి పత్రంతోనే ఉంటున్నారు, ఎప్పటికైనా టిబెట్ తిరిగి వెళ్ళాలన్న పట్టుదలతో. సీజన్ అయ్యాక వెళ్ళిపోతారు కాబట్టో ఏమో, వాళ్ళు మనలా మారలేదని విశాఖలో ఎవరికీ బాధ లేదు.

నాలుగేళ్ళ చదువు, ఇరవయ్యొక్క ఏళ్ళ వయసు

మన పౌరసత్వ చట్టంలో ఒక చిన్న నిబంధన ఉంది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. విదేశీయుడు భారత పౌరుడు కావాలంటే మామూలుగా పన్నెండేళ్ళ నివాసంతో పాటు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏదో ఒక భాష తగుమాత్రం తెలిసి ఉండాలి. ఏదో ఒకటి. తెలుగైనా సరే, సంతాలీ అయినా సరే. ‘భారతీయుడు అంటే ఫలానా భాషవాడు’ అని చట్టం చెప్పలేదు. ఫ్రాన్స్‌లో పౌరుడు కావాలంటే ఫ్రెంచి రావాల్సిందే, జర్మనీలో జర్మన్ రావాల్సిందే. అక్కడ జాతీయతకు ఒక భాష ఉంది. ఇక్కడ తెలుగు మాత్రమే తెలిసినవాడు నూటికి నూరుపాళ్ళూ భారతీయుడు. అయితే 2003 సవరణ తర్వాత పుట్టుకతో పౌరసత్వం బాగా బిగిసింది. తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి, రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. 2019 సవరణలో మతం కూడా వచ్చి చేరింది. నేల మీద పుట్టడం నుంచి రక్తం, మతం వైపు చట్టం జరుగుతోంది. 1982లో బర్మా వెళ్ళిన దారి చివరిదాకా మనం పోలేదు గానీ, ముఖం ఏ వైపు తిరిగిందో తెలుస్తూనే ఉంది.

రాష్ట్రాల విషయంలో రాజ్యాంగం ఇంకా ఉదారం. దేశంలో ఎక్కడికైనా వెళ్ళి ఉండే హక్కు 19వ అధికరణం ఇచ్చింది. మరి లోకల్, నాన్‌లోకల్ ఎక్కడినుంచి వచ్చింది? అది తెలుగువాళ్ళు తమలో తాము పడ్డ తగాదా ఫలితం. స్థానికులకే ఉద్యోగాలన్న హైదరాబాద్ రాజ్యపు ముల్కీ నిబంధనలు, 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర, వీటన్నిటి తర్వాత 371-డి అధికరణం వచ్చింది. చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికులకు వాటా ఇస్తూ రాష్ట్రపతి ఉత్తర్వు జారీ చెయ్యడానికి వీలిచ్చింది అదే. ఒకే భాష మాట్లాడేవాళ్ళ మధ్యనే స్థానికతకు సరిహద్దు గీయాల్సి వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత హైదరాబాద్ నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాల పిల్లలను ఇక్కడ ‘స్థానికులు’గా లెక్కించడానికి రాష్ట్రపతి ఉత్తర్వును సవరించారు. భాష ఒకటైతే జాతి ఒకటవుతుందని నమ్మేవాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

ఆ ఉత్తర్వులో మంచి సంగతి కూడా ఒకటుంది. స్థానికత కొలిచే పద్ధతి రక్తం చూడదు, బడి చూస్తుంది. అర్హత పరీక్ష దాకా వరసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివితే లోకల్. గంజాం నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ కూతురు గాజువాకలో తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా చదివితే, ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలో స్థానికులకు ఉంచిన 85 శాతం సీట్లకు పోటీ పడొచ్చు. ఆమె ఇంట్లో ఏం వండుకుంటారు, ఏ భాషలో తిట్టుకుంటారు అనేది దరఖాస్తులో లేదు.

ఇప్పుడు అదే గాజువాక నుంచి రెండేళ్ళ వయసులో అమ్మానాన్నలతో డాలస్ వెళ్ళిన పిల్లాడిని చూడండి. తండ్రిది హెచ్1బి ఉద్యోగ వీసా, పిల్లాడిది దాని మీద ఆధారపడ్డ హెచ్4. ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు లక్షా నలభై వేలు. ఒక్కో దేశంలో పుట్టినవారికి అందులో ఏడు శాతం అనే పరిమితి ఉంది, కాబట్టి భారతీయుల క్యూ దశాబ్దాల పొడవు. పిల్లాడు అక్కడి బడిలోనే చదివాడు, జెండాకు అక్కడే ప్రమాణం చేశాడు, తెలుగు అర్థమవుతుంది గానీ ఇంగ్లీషులోనే జవాబిస్తాడు. విశాఖలోని అమ్మమ్మ వీడియో కాల్‌లో ‘ఈడు పూర్తిగా అమెరికావాడైపోయాడు’ అని మురుస్తూనే నిట్టూరుస్తుంది. కలిసిపోవడం అంటూ కొలిస్తే ఇంతకన్నా కలిసినవాడు దొరకడు. ఇరవయ్యొకటో పుట్టినరోజున తండ్రి వీసా నీడ పోతుంది. ఆలోపు గ్రీన్ కార్డు రాకపోతే విద్యార్థి వీసాకు అప్లై చేసుకోవాలి, లేదా దేశం వదలాలి. అదే ఇంట్లో, అక్కడే పుట్టిన తమ్ముడు అమెరికా పౌరుడు.